భోజనం తర్వాత కంప్యూటర్

అమలాపురంలో అసెంబుల్ చేయించిన మా కంప్యూటర్ పని చేస్తుండగా ఏనాడూ ఆగలేదు. గంటల తరబడి వీడియో ఎడిటింగ్ పెట్టినా కిమ్మనదు. మనం టీకి లేచామా, బిగుసుకుపోతుంది. మౌసు కదలదు, గడియారం మధ్యాహ్నం రెండుంబావు దగ్గరే నిలబడిపోతుంది. కోనసీమ గాలి పీల్చిన యంత్రానికి భోజనం తర్వాత ఆ మాత్రం కునుకు హక్కు లేదా అని మొదట్లో నేనే వెనకేసుకొచ్చాను.

షాపతను "ఫార్మాట్ కొట్టేద్దామండి" అన్నాడు. కొట్టాడు. మళ్ళీ బిగిసింది, మళ్ళీ కొట్టాడు. మా బాబాయి టేబుల్‌ని తూర్పుకి తిప్పించాడు. అప్పట్నుంచి తూర్పుముఖంగా ఆగడం మొదలెట్టింది. మేనల్లుడు లోపలి మెమరీ పలకని, అదే ర్యాముని, ఊడదీసి, రబ్బరుతో తుడిచి పెట్టాడు. మా ఊరి తేమకి అది మంచి పనే, కాదనను. రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే, ర్యాముని పరీక్షించే ప్రోగ్రాం నడిపితే ఒక్క తప్పూ దొరకలేదు, కంప్యూటరూ ఆగలేదు. తెల్లవార్లూ పని చెబితే ఇక ఆగేదెప్పుడు? ఆ సంగతి మా పెద్దమనుషుల్లో ఒక్కరికీ తట్టలేదు.

అసలు జబ్బు ఇదీ: మా కంప్యూటర్‌కి మెదడు లాంటిది, 2017లో వచ్చిన తొలి తరం రైజెన్ ప్రాసెసర్, ఖాళీ దొరికితే సీ6 అనే గాఢనిద్రలోకి జారుకుంటుంది. అప్పుడది లాగే కరెంటు మరీ తక్కువ. వెయ్యిమందికి వండే వంటవాణ్ణి ఇద్దరికి పులుసు పెట్టమంటే ఉప్పు దగ్గర తడబడినట్టు, కొన్ని పాత పవర్ సప్లైలు అంత తక్కువకి నిలకడగా వోల్టేజీ ఇవ్వలేవు. కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే బయోస్‌లో 'పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్' అనే చోట 'టిపికల్ కరెంట్ ఐడిల్' పెడితే ఆ నిద్ర తేలికవుతుంది. అరనిమిషం పని. కాకపోతే అది మెనూలో మెనూలో మెనూలో ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, శివారు పొలానికి నీళ్ళు ఇంకా దారిలోనే ఉన్నాయి. ఈ సెట్టింగూ ఆ శివారుదే.

పైగా మా బోర్డులో బయోస్ అప్‌డేట్ చేస్తే గానీ ఆ వరుసే కనపడలేదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు అటకెక్కాల్సిందే. అందుకని బాబాయి పంచాంగం పక్కన పెట్టి, లైన్‌మన్‌ని అడిగి ముహూర్తం పెట్టించాం.

ఇప్పుడది పడుకోవడం లేదు, నేనే పడుకుంటున్నాను. మొన్న సంతలో షాపతను కనిపించి, "మన ఫార్మాట్ నిలబడిందాండీ?" అన్నాడు.

"ఆయ్, నిలబడిందండీ" అన్నాను.