సవరణ: పిల్లి తిండి మానేస్తే రెండు రోజులు ఆగొద్దు

కడప ఎండలకు పిల్లులు రెండు మూడు రోజులు తిండి ముట్టకపోయినా టెన్షన్ పడొద్దని మొన్న పోస్టులో రాశాను. అది తప్పు. ఎండకు కాస్త తక్కువ తినడం వేరు, అసలు ముట్టకపోవడం వేరు. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు చూపించాల్సిందే, లేకపోతే, బొద్దుగా ఉండే పిల్లులకైతే మరీనూ, ఒంట్లో కొవ్వు కాలేయంలో పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. గుర్రుమంటోంది కదా, బాగానే ఉందిలే అనుకోకండి, నొప్పి ఉన్నా గుర్రుమంటాయి (మా గండుపిల్లి నన్ను అలాగే బోల్తా కొట్టించింది). మగపిల్లి మాటిమాటికీ ఉచ్చకు కూర్చుంటూ చుక్క కూడా పోయలేకపోతుంటే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ముక్కు పొడిగా ఉంటే జ్వరమే అన్నానే, అదీ కొట్టేయండి. నిజంగా జ్వరమున్నా మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క కూడా వేయకండి, పిల్లికి అది విషం.