చలికి క్రిములు చావవు

నల్గొండ, దేవరకొండ వైపు పాడి రైతుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. "ఎద సూదికి (కృత్రిమ గర్భధారణకు) వాడే వీర్యం మైనస్ 196 డిగ్రీల చలిలో ఉంటుంది, అందులో ఏ క్రిమీ బతకదు. పైగా మందు కలిపి ఉంటుంది. అయినా గేదె తిరగపొర్లితే (చూలు నిలవక మళ్లీ ఎదకు వస్తే) లోపం గేదెదే. నమ్మకం లేకపోతే ఊరి దున్నతో దాటించండి, అది ఇంకా శుభ్రం." ఇది నమ్మి నష్టపోయేది రైతే కాబట్టి జవాబు చెప్పాలి.

వీర్యాన్ని నిల్వ చేసే ద్రవ నత్రజని చలి జీవకణాలన్నిటినీ చంపదు, బతికి ఉన్నవాటిని అలాగే నిలిపి ఉంచుతుంది. వీర్యకణాలను కాపాడడానికి కలిపే గుడ్డు సొన, గ్లిజరాల్ బ్యాక్టీరియానూ కాపాడతాయి. స్ట్రాను (వీర్యం నింపిన సన్నని గొట్టాన్ని) 37 డిగ్రీల నీటిలో అర నిమిషం ఉంచితే రెండూ మేల్కొంటాయి.

వీర్యంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ మందులు కలపడం నిజమే. కానీ సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా పెన్సిలిన్‌కు లొంగవు, మోతాదు పెంచితే వీర్యకణాలకే దెబ్బ. అందుకే వీర్య కేంద్రాల్లో శ్రద్ధంతా సేకరణకు ముందే చూపుతారు: దున్నను కడగడం, పొట్ట కింది వెంట్రుకలు కత్తిరించడం, శుభ్రమైన కృత్రిమ యోని (వీర్యం పట్టే గొట్టం) వాడడం.

ఊరి దున్నకు ఏ పరీక్షా ఉండదు. కరీంనగర్ వంటి వీర్య కేంద్రాల్లో పశువులకు బ్రూసెల్లోసిస్, క్షయ వంటి రోగాల పరీక్షలు క్రమం తప్పకుండా చేస్తారు. బ్రూసెల్లోసిస్ మనుషులకూ సోకుతుంది.

నన్ను ఎక్కువగా బాధించేది గేదె మీద మోపిన నింద. దున్న దాటినప్పుడు వీర్యం యోనిలో పడుతుంది, గర్భాశయ ముఖద్వారం క్రిములను చాలావరకు అడ్డుకుంటుంది. ఎద సూదిలో గన్ను (స్ట్రాను అమర్చే పొడవాటి కడ్డీ) ఆ ద్వారాన్ని దాటి వీర్యాన్ని గర్భాశయంలోనే వదులుతుంది. షీత్‌కు (గన్ను మీది ప్లాస్టిక్ తొడుగుకు) పేడ అంటినా, స్ట్రా తడి తుడవకపోయినా మురికి నేరుగా లోపలికి చేరుతుంది. కాబట్టి ప్రతిసారీ కొత్త షీత్ అడగండి. గేదె మానం (యోని బయటి భాగం) కడిగి పొడిగా తుడిచాకే సూది వేయమనండి. గోపాలమిత్ర (ఊళ్లో ఎద సూది వేసే కార్యకర్త) వచ్చేసరికి శుభ్రమైన నీళ్లు, పొడి గుడ్డ మీరే సిద్ధంగా పెట్టండి.

తిరగపొర్లడానికి మేత లోపం, ఎద సమయం తప్పడం కూడా కారణాలే. అసలు కారణం ఏదో తేల్చకుండా పాలిచ్చే గేదెను సంతకు తోలకండి. ఎదలో గేదె వేసే తీగ (జిగురు ద్రవం) అద్దంలా లేకుండా తెల్లగా, చీముగా కనిపిస్తే సూది ఆపి, ముందు పశువైద్యుడికి చూపించండి.