మంటలార్పినందుకు మీటరు వేస్తారా?

కొండచరియల కింద మనుషులు కూరుకుపోయిన కేరళకు 2024లో కేంద్రం నుంచి 132.62 కోట్ల రూపాయల బిల్లు అందింది. పాత వరదల నుంచి వయనాడ్ విలయం దాకా వైమానిక దళం చేసిన సాయానికి ఛార్జీలట! ఏళ్ల నాటి పద్దులు ఇప్పుడెందుకు తవ్వారని చివరికి హైకోర్టు నిలదీయాల్సి వచ్చింది. అది కేరళ గొడవ, మనకెందుకని ఊరుకునే వీలు లేదు. రేపు అడవి అంటుకుంటే మనమూ పిలవాల్సింది ఆ హెలికాప్టర్లనే.

కార్చిచ్చులు ఆర్పడానికే పెట్టుకున్న విమానాల దళం ఈ దేశానికి లేదు. ప్రధాన ఆధారం వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టర్లు, వాటి కింద వేలాడదీసి నీళ్లు మోసే బాంబీ బకెట్లే. 2014 మార్చిలో శేషాచలం తగలబడుతుంటే తిరుమలకు వచ్చింది వైమానిక దళమే. ఉత్తరాఖండ్‌కు 2016లో, 2021లో, మళ్లీ 2024లో అదే దిక్కయింది. 2024 ఏప్రిల్‌లో ఈ మంటలార్పే పని కోసం నైనీతాల్‌లో బోటింగ్ ఆపించారు. భీమ్‌తాల్ సరస్సులో బకెట్ ముంచడం, మండుతున్న కొండ మీద కుమ్మరించడం, మళ్లీ సరస్సుకు రావడం. ఎన్ని ట్రిప్పులైతే అంత ఖర్చు. ఆ ఖర్చు ఎవరిదన్న టెన్షన్ కలెక్టర్‌కు పట్టుకుంటే, మొదటి గంటలో చేయాల్సిన ఫోన్ మూడో రోజుకు వెళ్తుంది. మా భయమల్లా అదే.

ఛార్జీల నిబంధన ఎప్పటి నుంచో ఉన్నదేనని, విపత్తు నిధులు ఇస్తూనే ఉన్నామని కేంద్రం అంటోంది. నిజమే కావచ్చు. అయితే ఆ నిధుల సంగతీ చూద్దాం. మంటలార్పడానికి ఉత్తరాఖండ్ 10 కోట్లు అడిగితే 3.15 కోట్లే ఎందుకిచ్చారని 2024 మేలో సుప్రీంకోర్టే ప్రశ్నించింది. అడిగింది ఇవ్వరు, చేసినదానికి మాత్రం లెక్క కడతారు! ఆపదలో ఆటో మీటరు వేసే పద్ధతి ఒక రాష్ట్రంతో మొదలైతే ఒక రాష్ట్రంతో ఆగదు.

ఆస్ట్రేలియాలో కేంద్రం, రాష్ట్రాలు కలిసి డబ్బు పెట్టి 2003 నుంచి ఉమ్మడి విమానాల ఏర్పాటు నడుపుకుంటున్నాయి. అక్కడా కేంద్రం పిసినారితనం చూపింది. ఏటా అదనంగా 1.1 కోట్ల డాలర్లు కావాలన్న వినతిని నెలల తరబడి నాన్చి, 2019 డిసెంబరులో దేశం తగలబడుతుంటే విదిల్చింది. ఆ తప్పు నుంచి నేర్చుకోవడానికి మనకు పైసా ఖర్చు లేదు.

ఆకాశం నుంచి నీళ్లు చల్లితేనే అడవి బతకదు. ఎండుటాకులు ఊడ్చి, మంట పాకకుండా ఖాళీ దారులు (ఫైర్ లైన్లు) తీసే అటవీ వాచర్లకు జీతాలు సమయానికి పడాలి, అది వేరే సంపాదకీయం. హెలికాప్టర్ల ఖర్చు మాత్రం పూర్తిగా కేంద్ర బడ్జెట్‌లోనే ఉండాలి. ఏ రాష్ట్రానికీ తర్వాత బిల్లు వెళ్లదని రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ మాట పార్లమెంటులో అడగాల్సిన మన ఎంపీలు ఏం చేస్తున్నారు? నల్లమల అంటుకున్నాక వీడియోలు పెట్టడానికి అందరూ ముందుంటారు. అంటుకోకముందు ఒక్క ప్రశ్న వేయడానికి నోరు రాదా?