తరుగు మాహాత్మ్యం

నగల కొట్టు బిల్లులో 'తరుగు' కనబడగానే మొహం ముడుచుకునేవాళ్లకు చరిత్ర తెలియదు. కాంటా దగ్గర బస్తాకు ఇన్ని కిలోలని కోత పెడితే గొడవకు దిగే రైతులకు అసలే తెలియదు. తరుగంటే నష్టం కాదు, నాగరికత. కావాలంటే పాత చైనాను చూడండి.

అక్కడ వెండిని లెక్కపెట్టేవారు కాదు, తూచేవారు. తూకం పేరు ల్యాంగ్, తెల్లదొరల నోట్లో టేల్. 16 ల్యాంగ్‌లు ఒక జిన్. 'అర జిన్, ఎనిమిది ల్యాంగ్‌లు' అని వాళ్ల సామెత, మన దొందూ దొందే. మరి ల్యాంగ్ బరువెంత? ఎవరి ల్యాంగ్ అని ముందు అడగాలి. సర్కారు ఖజానాది సుమారు 37.3 గ్రాములు, ఓడరేవు సుంకాలది అంతకంటే కాస్త ఎక్కువ, షాంఘై వర్తకులది తక్కువ. సుంకాల ల్యాంగ్‌ను నాణెంగా ఎవరూ పోయనే లేదు, అది చిట్టాల్లోనే బతికింది. దొంగకు దొరకని డబ్బు ఇంకే దేశంలో ఉంది?

అసలు కథ కొలిమి దగ్గర. రైతు పన్ను కింద చిల్లర వెండి ముక్కలు తెచ్చేవాడు. వాటిని కరిగించి పెద్ద దిమ్మెలుగా పోసి రాజధానికి పంపాలి. కరిగిస్తే కొంత పోతుంది కదా! ఆ పోయేదాని పేరిట అదనంగా గుంజేదే హువోహావ్, అంటే నిప్పు తరుగు. నిప్పు తినేది నూటికి ఒకటో రెండో. వసూలయ్యేది కొన్నిచోట్ల 20, 30. మిగతాది ఏ నిప్పు తిన్నదని అమాయకంగా అడక్కండి. జఠరాగ్ని కూడా అగ్నే.

ఇది కొత్త విద్యేం కాదు. పదో శతాబ్దంలోనే పన్ను ధాన్యం మీద 'పిచ్చుకల, ఎలుకల తరుగు' ఉండేది. వాంగ్ చాంగ్ అనే ఆర్థిక మంత్రి దాన్ని ఏకంగా పదింతలు చేశాడు. ఎలుకలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

1724లో యుంగ్‌చెంగ్ చక్రవర్తి ఈ దొంగతనాన్ని ఆపలేక, పద్ధతిలో పెట్టాడు. నిప్పు తరుగు ఇక సర్కారు ఆదాయం. అందులోంచి అధికారులకు 'నిజాయితీని పోషించే వెండి' ముట్టేది. ఏడాదికి 45 ల్యాంగ్‌ల జీతమున్న తాలూకా అధికారికి ఈ పోషణ వందల్లో, 180 ల్యాంగ్‌ల పెద్ద గవర్నరుకు పదివేలకు పైన. అంత మేత వేస్తే నిజాయితీ కండ పట్టదా? పట్టింది. కొన్నాళ్లకు దానికి ఆకలి కూడా పెరిగి, చట్టబద్ధమైన తరుగు మీద కొత్త మామూళ్లు మొలిచాయి.

1933లో చైనా ల్యాంగ్‌ను చెల్లదని తీసేసింది. షాంఘైలో 0.715 ల్యాంగ్‌కు ఒక యువాన్ నాణెం లెక్కన మార్చారు.

మొన్న మా వీధి చివరి కొట్లో గొలుసు చూశాం. తరుగు 12 శాతమన్నాడు కుర్రాడు. ఇంత చదివినవాణ్ని కదా, గౌరవంగానే అడిగాను, పొయ్యి ఎక్కడుందని.

"పొయ్యి ఏంటి సార్, మొత్తం మెషిన్ కటింగే."