ఖాళీలు పూరించడం గురించి ఒక మాట

తరగతిలో తెలుగు పాఠం ఎలా చెప్పాలో మీరు రాసింది చదివాను, నేనూ టీచర్నే. పాఠం చదివించిన వెంటనే ప్రశ్నలు, జవాబులకు దిగొద్దన్న మీ మాట నిజం. కానీ ఖాళీలు పూరించే అభ్యాసాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. రచనలో కొన్ని మాటలు తీసేసి, ఆ ఖాళీలు పూరించమనడాన్ని క్లోజ్ పద్ధతి అంటారు. 1953లో విల్సన్ టేలర్ అనే పరిశోధకుడు దీన్ని తెచ్చింది పిల్లల్ని పరీక్షించడానికి కాదు, ఒక రచన చదవడానికి ఎంత సులువో కొలవడానికి. ఐదో మాటో ఏడో మాటో వరసగా తీసేసుకుంటూ పోవడం ఇంగ్లిష్‌కి సరే, వాళ్ల ప్రిపొజిషన్లు విడి మాటలు. మన విభక్తి మాటకే అతుక్కుని ఉంటుంది. మాట మొత్తం ఎగిరిపోతే ఎనిమిదో తరగతి పిల్లాడికి ఊహించడానికి ఆధారమే దొరకదు.

అందుకే నేను మాటని ఉంచి, దాని చివరి విభక్తి ప్రత్యయాలు మాత్రమే చెరిపేస్తాను. పేపర్లో వచ్చిన చిన్న వార్త జెరాక్స్ తీసి, వైట్‌నర్ పూసి, ఇద్దరికొకటి ఇస్తాను. మొన్న ‘బస్సు... దిగాడు’ దగ్గర కొందరు ‘లోంచి’ అన్నారు, కొందరు ‘నుంచి’ అన్నారు. వెనక బెంచీ అమ్మాయి లేచి, “ఏదీ అక్కర్లేదు సార్, బస్సు దిగాడు అంటే చాలదా?” అంది. ఇక పీరియడంతా దాని మీదే వాదన. ఆ రోజు సిలబస్ ఒక్క పేజీ కూడా కదల్లేదు, అది వేరే సంగతి.