పది మంది పేరయ్యలు, ఒక్కడే పెళ్లికొడుకు

బ్యాంకాక్‌లో ఎక్కడెక్కడ తిరగాలో కూకట్‌పల్లి కుటుంబం అరగంటలో తేల్చేస్తుంది. అక్కడికెళ్లాక ఫోన్లో నెట్ ఎవరిది వేసుకోవాలన్నది తేలడానికి మాత్రం ఒక వాట్సాప్ గ్రూపు, రెండు ఆదివారాలు, బావాబావమరుదుల మధ్య కాస్త మాటా మాటా తప్పవు. ఇదంతా దండగ శ్రమ అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఎంచుకునే హక్కు పవిత్రమైనది, ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోయినా సరే.

థాయ్‌లాండ్‌లో 2023 మార్చిలో ట్రూ, డీటాక్ విలీనమయ్యాక ప్రధానమైన మొబైల్ కంపెనీలు రెండే మిగిలాయి: ఏఐఎస్, ట్రూ. ఆ రెండిటి సిగ్నల్నే తిప్పి అమ్మే ట్రావెల్ ఈసిమ్ (చిప్పు ముక్క లేకుండా నేరుగా ఫోన్లోకి ఎక్కించుకునే సిమ్) దుకాణాలకు మాత్రం అంతులేదు. వీళ్లలో చాలామందికి సొంత టవర్ ఒక్కటీ ఉండదు. టోకున డేటా కొని, దానికో పేరు పెట్టి, నవ్వే ఏనుగు బొమ్మొకటి అంటించి మన ముందుకొస్తారు. పది మంది పేరయ్యలు పది ఫొటోలు తెచ్చినా అబ్బాయి ఒక్కడే. ఒకదాంట్లో సూటు, ఇంకోదాంట్లో పంచె. కట్నం మాత్రం ఎవరి నోటికొచ్చింది వాళ్లది.

మన టెలికం శాఖ ఈ రద్దీ తగ్గించబోయింది పాపం. అనుమతి లేదంటూ 2024 జనవరిలో ‘ఎయిరాలో’, ‘హోలాఫ్లై’ అనే ఈసిమ్ యాప్‌లను ఇక్కడ ఆపించింది. రద్దీ ఏమైనా తగ్గిందా అని అడక్కండి.

వీసా కావాలంటే చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. ఈసిమ్‌కి అలాంటి దిక్కు లేదు. యూట్యూబర్ ఉన్నాడు, డిస్కౌంట్ కోడ్‌తో సహా. ఆయన దృష్టిలో అన్నిటికన్నా మంచిది ఏదంటే ఆ కోడ్ పనిచేసేదే.

ఇక ‘అన్‌లిమిటెడ్’ ప్లాన్. పక్కనే చీమ తలకాయంత చుక్క ఉంటుంది. దాని వెంట కిందికి దిగితే తెలుస్తుంది, రోజుకి ఒకటో రెండో జీబీలు దాటగానే వేగం పడిపోతుందని. ఆ వేగంలో మేనత్త పంపిన గుడ్‌మార్నింగ్ గులాబీ మధ్యాహ్నానికి విచ్చుకుంటుంది. ‘రోజు’ ఎప్పుడు మొదలవుతుందన్నదీ వాళ్లిష్టమే: కొందరికి ఫోన్ అక్కడి నెట్‌వర్క్ అందుకున్నప్పుడు, కొందరికి ఇక్కడ ఇన్‌స్టాల్ చేసిన క్షణాన. మరికొన్నిట్లో మనిషి పట్టాయాలో ఉంటే నెట్ సింగపూర్ చుట్టూ తిరిగొస్తుంది. బ్యాంకు యాప్ కంగారుపడి ‘ఇది మీరేనా?’ అంటుంది.

ఏ నెట్‌వర్క్, ఏ దేశం మీదుగా, పరిమితి దాటాక ఎంత వేగం, హాట్‌స్పాట్ ఇస్తారా లేదా: ఈ నాలుగూ ధర పక్కనే రాయించాలని అడగొచ్చు. కానీ రాస్తే ఏనుగు బొమ్మకి చోటేదీ?

ఇంత మథనం చేసి కొన్న ఈసిమ్ క్యూఆర్ కోడ్ రూపంలో ఈమెయిల్లో వస్తుంది. ఏ ఫోన్‌తో స్కాన్ చేయాలో ఆ ఫోన్లోకే. పైగా నెట్ కోసం కొన్నదాన్ని ఎక్కించుకోవడానికి ముందు నెట్ కావాలి. అందుకే శంషాబాద్ విమానాశ్రయంలో అల్లుడు ట్యాబ్ పట్టుకుని నిలబడతాడు, మామగారు తన ఫోన్‌ని దానిమీద హారతి పళ్లెంలా తిప్పుతుంటారు.

“ఎక్కింది అల్లుడుగారూ! పాత సిమ్ కూడా పీకేశాను, ఇక అడ్డేం లేదు.”

“అయ్యో మామయ్యగారూ, ఈసిమ్‌లో డేటాయే, నంబరుండదు. బ్యాంకు ఓటీపీ పాత సిమ్‌కే రావాలి. ఎక్కడ పెట్టారది?”

“మీ అత్తయ్య చిన్న పర్సులో.”

ఆ పర్సు పెద్ద సూట్‌కేసులో ఉంది. సూట్‌కేసు ఇందాకే బెల్టెక్కి లోపలికెళ్లిపోయింది.