పేరుకు లైసెన్సు

ఈ సంచిక మీ చేతికందే సరికి టెక్సాస్ రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో 58 ఏళ్ల మాజీ హెవీవెయిట్ చాంపియన్ మైక్ టైసన్, యూట్యూబ్ నుంచి బాక్సింగ్‌కు వచ్చిన 27 ఏళ్ల జేక్ పాల్ తలపడే 2024 నవంబరు 15 బాక్సింగ్ పోటీకి కొన్ని గంటలే మిగిలి ఉంటాయి. తూకాల వేదిక మీద టైసన్ కొట్టిన చెంపదెబ్బ నిన్నటి నుంచి హైదరాబాద్‌లో ఫోన్ ఫోన్‌కీ తిరుగుతోంది. ఇరానీ చాయ్ బల్లల దగ్గర నుంచి టీవీ చర్చల దాకా ఒకటే ప్రశ్న: గెలిచేదెవరు? ఈ పోటీకి అసలు లైసెన్సు ఎలా వచ్చిందని మాత్రం అడిగేవాళ్లు కరువయ్యారు.

మా అంచనా దాచుకోం. మొదటి రౌండు, మహా అయితే రెండోది టైసన్‌ది. మూడో రౌండు నుంచి కాళ్లు కదలవు. పాల్ దూరంగా నిలబడి సూటిగా విసిరే ఎడమ చేతి దెబ్బతో, అంటే జాబ్‌తో, పాయింట్లు ఏరుకుంటాడు. ఎనిమిది రౌండ్లూ సాగితే జడ్జీలు పాల్‌కే ఇస్తారు, తేడా కూడా పెద్దగానే ఉంటుంది.

ఇది జోస్యం కాదు, శరీరాల లెక్క. టైసన్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, పాల్ 6 అడుగుల 1 అంగుళం. చేతుల చాపులో పాల్‌కు అయిదు అంగుళాలు ఎక్కువ. పొట్టి బాక్సర్ పొడుగు బాక్సర్‌ను కొట్టాలంటే ముందు జాబ్ కింద నుంచి దూరి లోపలికి రావాలి. టైసన్ ఆట మొత్తం అదే. రెండు చేతులూ చెంపలకు ఆనించి, నడుం దగ్గర ఊగుతూ, మోకాళ్లు వంచి లేస్తూ హుక్, అంటే పక్క నుంచి వంపు తిరిగే దెబ్బ, వేస్తాడు. ఆ హుక్ బలం భుజంలో కన్నా తొడల్లో ఎక్కువ. వయసు మొదట తినేది తొడలనే. దెబ్బ బలం చివరి దాకా ఉంటుందని బాక్సింగ్ జిమ్ముల్లో అంటారు, నిజమే. ఆ దెబ్బను అవతలి వాడి గడ్డం దాకా మోసుకెళ్లే కాళ్లే ఉండవు. సందు కంటికి కనిపిస్తుంది, చెయ్యి వెళ్లేసరికి మూసుకుపోతుంది. ఒకటి రెండు సార్లు అలా గాలిలో కొట్టాక వెటరన్ కొట్టడమే తగ్గిస్తాడు.

పైగా ఖాళీ. టైసన్ చివరి ప్రొఫెషనల్ పోటీ 2005 జూన్‌లో. పందొమ్మిదేళ్లయింది. 2020 నవంబరులో రాయ్ జోన్స్ జూనియర్‌తో ఆడింది ఎగ్జిబిషన్, రికార్డుల్లోకి ఎక్కని ప్రదర్శన పోటీ. ఈ పోటీ కూడా జులై 20నే జరగాల్సింది. మే నెలలో విమానంలో అల్సర్ తిరగబెట్టి వాయిదా పడింది. ఆ జులై 20న పాల్ ఖాళీగా కూర్చోలేదు, మైక్ పెర్రీతో ఆడాడు. అభిమానులు చూపిస్తున్న వీడియోల్లో టైసన్ మిట్స్ (కోచ్ చేతులకు తొడుక్కునే మెత్తలు) మీద పిడుగులు కురిపిస్తున్నాడు. పది సెకన్ల ముక్కలవి. మిట్స్ పట్టుకున్న కోచ్ దెబ్బ ఎక్కడ పడాలో అక్కడే చెయ్యి పెడతాడు. మిట్స్ తిరిగి కొట్టవు, పక్కకు జరగవు. వాటిని చూసి గెలుపు చెప్పడం షెడ్‌లో ఇంజిన్ మోత విని కారు మైలేజీ చెప్పడమే. పాల్ కూడా గొప్ప బాక్సరేమీ కాదు, ఆయన ఓడించిన వాళ్లలో బాక్సింగే వృత్తిగా బతికినవాళ్లు తక్కువ. అయినా ముప్పై ఒక్క ఏళ్ల తేడా ముందు ఆ లోటు లెక్కలోకి రాదు. టైసన్ రింగులో ప్రత్యర్థి ఇవాండర్ హోలీఫీల్డ్ చెవి కొరికిన రోజుకు పాల్ ఐదు నెలల పసివాడు.

అసలు విషయం నిబంధనల్లో ఉంది. హెవీవెయిట్ ప్రొఫెషనల్ పోటీకి మామూలుగా 10 ఔన్సుల గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్లు. ఇక్కడ 14 ఔన్సుల గ్లవ్స్, రెండు నిమిషాల రౌండ్లు. గ్లవ్‌లో మెత్త పెరిగితే దెబ్బ వెడల్పుగా పరుచుకుంటుంది, పదును చస్తుంది. పెద్ద గ్లవ్ ముఖానికి తలుపులా అడ్డం పడుతుంది, గార్డ్ మధ్య సందు చిన్నదవుతుంది. ఒక్క దెబ్బతో పడగొట్టడం మీదే ఆశ పెట్టుకున్న వాడికి రెండూ నష్టమే. ఒక్కో చేతికి నాలుగు ఔన్సులు, అంటే నూటపది గ్రాముల పైన అదనపు బరువు. అయిదో రౌండుకు భుజాలు లాగి చేతులు దిగుతాయి. రెండు నిమిషాల రౌండు మాత్రం ముసలి ఊపిరికి మేలు. ఎనిమిది రౌండ్లకు 24 నిమిషాల పని 16కు తగ్గింది, మధ్య విశ్రాంతి ఆ ఒక్క నిమిషమే. అంటే ఆట నిడివిని ఊపిరికి సరిపడా కత్తిరించి, ప్రమాదాన్ని దూదితో కప్పి, పైన ‘ప్రొఫెషనల్’ అని ముద్ర వేశారు. ఫలితం ఇద్దరి రికార్డుల్లోకీ ఎక్కుతుంది. ఇదే రాత్రి, ఇదే రింగులో మహిళా బాక్సర్లు కేటీ టేలర్, అమాండా సెరానో ప్రపంచ టైటిల్ కోసం పది రౌండ్లు ఆడతారు. ఎనిమిది రౌండ్ల పోటీకి మెయిన్ ఈవెంట్ హోదా! బతికినా చచ్చినా ఏనుగు వెయ్యే మరి.

ఎగ్జిబిషన్ అని చెప్పి ఏ గ్లవ్స్ అయినా వేసుకోండి, మాకు పేచీ లేదు. ప్రొఫెషనల్ అన్నాక ప్రొఫెషనల్ కొలతలే ఉండాలి. శరీరం కొలతకు సరిపోకపోతే లైసెన్సు ఇవ్వకూడదు. టెక్సాస్ అధికారులు శరీరాన్ని వదిలి కొలతను మార్చారు. పేరును చూసి ఇచ్చిన లైసెన్సు ఇది. ఒకసారి ఇచ్చాక ఇంకొకరికి కాదనడం ఎలా?

ఇది భయపడి అంటున్న మాట కాదు. 1980 అక్టోబరు 2న లాస్ వెగాస్‌లో 38 ఏళ్ల మహమ్మద్ అలీ లారీ హోమ్స్ మీదికి దిగాడు. అంతకుముందే మేయో క్లినిక్ పరీక్షల్లో మాట తడబాటు, ఒంటికాలిపై గెంతడంలో తేడా కనిపించాయి. అయినా ఆ ఊరున్న నెవాడా రాష్ట్ర బాక్సింగ్ కమిషన్ లైసెన్సు ఇచ్చేసింది. థైరాయిడ్ మాత్రలతో బరువు కరిగి అలీ కుర్రాడిలా మెరిశాడు. ఆ మెరుపు చూసి ఎంతోమంది అలీదే గెలుపన్నారు. ఏ జడ్జీ ఒక్క రౌండు కూడా అలీకి ఇవ్వలేదు. పదో రౌండు తర్వాత కోచ్ ఏంజెలో డండీ ఆపించాడు. మరుసటి ఏడాది డిసెంబరులో బహామాస్ వెళ్లి ఇంకో పోటీ. 1984లో పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు అని తేలింది. 2021లో 58 ఏళ్ల హోలీఫీల్డ్ విషయంలోనూ వరస ఇదే. కాలిఫోర్నియా కాదనడంతో పోటీ ఫ్లోరిడాకు తరలింది, మాజీ యూఎఫ్‌సీ ఫైటర్ విటోర్ బెల్‌ఫోర్ట్ రెండు నిమిషాలు గడవకుండానే ముగించాడు. ఒక రాష్ట్రం గేటు వేస్తే మరో రాష్ట్రం తెరుస్తుంది. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోతుంది, దాని మీది నుంచి పైపొరకు వెళ్లే సన్నని రక్తనాళాలు సాగి బిగుస్తాయి. తలకు తగిలే కుదుపుకు అవి తెగి లోపల రక్తం చేరుతుంది. ముందురోజు తీసిన స్కాన్‌లో ఇది కనిపించదు.

45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్ 1994లో 26 ఏళ్ల మైకేల్ మూరర్‌ను పడగొట్టలేదా అంటారు. పడగొట్టాడు. 1987 నుంచి ఏడేళ్లుగా ఆడుతూ అక్కడికి వచ్చాడు. నిలబడి కొట్టే ఆట ఆయనది, లోపలికి దూరే పని లేదు.

మాకు వయసు మీద కోపం లేదు. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఏం జరిగిందో తెలుగువాళ్లకు గుర్తే. ఒలింపిక్ క్వాలిఫయర్‌కు పేరు చూసి పంపొద్దు, ట్రయల్ పెట్టండి అని మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కేంద్ర మంత్రికి లేఖ రాసింది. 23 ఏళ్ల నిఖత్, పదమూడేళ్లు పెద్దదైన మేరీకోమ్ తలపడ్డారు. మేరీకోమే 9-1తో గెలిచింది. అదే గ్లవ్స్‌తో, అదే నిమిషాలతో, అందరికీ ఉన్న కొలతతో గెలిచింది. ఆ తర్వాత నిఖత్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. అమెచ్యూర్ బాక్సింగ్‌లో నలభై దాటితే ఎలీట్ పోటీలకు రానివ్వరు. ఆరు ప్రపంచ టైటిళ్లున్న మేరీకోమ్‌కూ ఆ గీత చెరగలేదు.

ఇక మన ఊరి సంగతి. తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్ 2017 నుంచే నేరం. అయినా ‘గెలిచేదెవరో చెప్పండి’ అనే ప్రతి పోస్టు కింద యాప్ లింకులు మొలుస్తున్నాయి. ‘అనుభవమా, యువ రక్తమా’ అని శీర్షికలు పెట్టిన సోదర పత్రికల్లో, చానెళ్లలో గ్లవ్స్ ఎన్ని ఔన్సులో, రౌండు ఎన్ని నిమిషాలో రాసినవి వెతికితేగానీ దొరకడం లేదు. అవి చెప్పకుండా విజేతను చెప్పడం పాఠకుడి జేబు మీదికి దొంగను తోలడమే. మన వీధుల్లో జిమ్ములు నడిపేవాళ్లూ ఇవాళ్టి పోస్టర్ చూస్తున్నారు. నాలుగు టికెట్లు అమ్ముడుపోతాయంటే యాభై దాటిన పాత మాస్టార్లను ఇరవై ఏళ్ల కుర్రాళ్ల ముందు నిలబెట్టడానికి వాళ్లకిప్పుడు టెక్సాసే సాక్ష్యం.

రేపు అరవై రెండేళ్ల ఇంకో పెద్ద పేరు వచ్చి 16 ఔన్సుల గ్లవ్స్, నిమిషంన్నర రౌండ్లు కావాలంటే టెక్సాస్ అధికారులు ఏ నిబంధన చూపించి వెనక్కి పంపుతారు? ఉన్న ఒక్కదాన్నీ ఈ పోటీ కోసం వాళ్లే చించేసుకున్నారు.